యూనివర్సిటీ స్పోర్ట్స్ డైరెక్టర్ అవ్వాలనుకునేవాళ్లకు: హైదరాబాద్ గ్రౌండ్ల నుంచి ఒక పీడీ మేడమ్ మాట

పీఈసెట్ (బీపీఈడీ లాంటి వ్యాయామ విద్య కోర్సుల ఎంట్రన్స్) సీజన్ రాగానే నా రూమ్ ముందు షూస్ వరస మొదలవుతుంది. వచ్చే పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న. "మేడమ్, బీపీఈడీ చేస్తే చివరికి స్కూల్లో పీఈటీగా చేరడమేనా, పైకి ఇంకేమైనా దారి ఉందా?" ఉంది. కాకపోతే చాలా పొడుగు దారి. ఇంటర్ తర్వాత మూడేళ్లు డిగ్రీ, రెండేళ్లు బీపీఈడీ (మా రోజుల్లో ఏడాదే ఉండేది), రెండేళ్లు ఎంపీఈడీ, ఆ తర్వాత నెట్టో సెట్టో (లెక్చరర్ స్థాయి పోస్టులకు అర్హత పరీక్షలు), మధ్యలో ఎక్కడో పీహెచ్‌డీ, దాని మీద పదేళ్ల సర్వీసు. అన్నీ కలిసొస్తే నలభై దగ్గర పడేసరికి ఒక యూనివర్సిటీకి ఫిజికల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌గా అప్లై చేసే అర్హత వస్తుంది. నేను ఈ దారిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను, మొదట ఒక డిగ్రీ కాలేజీలో పీడీగా, అంటే ఫిజికల్ డైరెక్టర్‌గా, ఇప్పుడు యూనివర్సిటీ స్పోర్ట్స్ ఆఫీసులో. ఎవరైనా నాకు మొదట్లోనే చెప్పి ఉంటే బాగుండేదని అనిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. అథ్లెటిక్ డైరెక్టర్ అనే పేరు మన పిల్లలు ఎక్కువగా అమెరికా వీడియోల్లో విని వస్తున్నారు. అక్కడ ఆ పదవి వేరే లోకం. ఎన్‌సీఏఏ అనే కాలేజీ ఆటల సంఘం కింద యూనివర్సిటీ జట్లు ఆడతాయి, పెద్ద యూనివర్సిటీల్లో ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ టికెట్లు అమ్ముడుపోతాయి, టీవీ హక్కుల డబ్బు వస్తుంది, కోచ్‌లను తెచ్చుకోవడం, తీసేయడం, దాతలను కలిసి విరాళాలు తేవడం డైరెక్టర్ పని. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ప్రకారం ఆడపిల్లలకు ఆటల్లో సమానంగా అవకాశం ఇస్తున్నామని చూపించాల్సిన బాధ్యత కూడా ఉంటుంది. మన దగ్గర టికెట్టూ లేదు, టీవీ కూడా లేదు. పిల్లల ఫీజులో కలిసి వచ్చే స్పోర్ట్స్ ఫీజు, యూనివర్సిటీ బడ్జెట్‌లో ఇచ్చే కొంత, అంతే. ఆ కాస్త డబ్బుతో పదుల సంఖ్యలో జట్లను తయారుచేసి, రైలెక్కించి, ఆడించి, క్షేమంగా ఇంటికి చేర్చడం మన డైరెక్టర్ పని. కాబట్టి అక్కడి వీడియోలు చూసి ఇక్కడి ఉద్యోగాన్ని ఊహించుకోకండి.

కాగితం మీద ఏం కావాలి

యూజీసీ 2018 నిబంధనల్లో ఈ పోస్టులకు స్పష్టమైన మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు యూనివర్సిటీలో అసిస్టెంట్ డైరెక్టర్ లేదా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్. ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో గానీ స్పోర్ట్స్ సైన్స్‌లో గానీ పీజీ, అందులో 55 శాతం మార్కులు. నెట్ లేదా రాష్ట్ర సెట్ పాసై ఉండాలి, నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసినవాళ్లకు ఇందులో మినహాయింపు ఉంది. కాలేజీ తరఫునో యూనివర్సిటీ తరఫునో ఆడిన రికార్డు ఉండాలి. ఫిట్‌నెస్ టెస్ట్ పాసవ్వాలి. ఆసియా క్రీడల్లోనో కామన్వెల్త్ క్రీడల్లోనో పతకం గెలిచి పీజీ ఉన్నవాళ్లకు వేరే దారి ఉంది, అలాంటివాళ్లు దీన్ని చదవాల్సిన పని లేదు.

ఫిట్‌నెస్ టెస్ట్‌ను తేలిగ్గా తీసుకోకండి. ముప్పై ఏళ్లలోపు మగవాళ్లు 12 నిమిషాల్లో 1800 మీటర్లు, ఆడవాళ్లు 8 నిమిషాల్లో 1000 మీటర్లు పరుగెత్తో నడిచో పూర్తి చేయాలి. వయసు పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది. నలభై లోపు మగవాళ్లకు 1500, ఆడవాళ్లకు 800. ఆడే రోజుల్లో ఇది వార్మప్‌కి కూడా సరిపోదు. కానీ నెట్ కోసం రెండేళ్లు గదిలో కూర్చుని చదివి, పొట్ట పెంచుకుని, నేరుగా టెస్టుకి వచ్చి ఆయాసపడినవాళ్లను నా కళ్లతో చూశాను. చదువుకునే రోజుల్లోనే పొద్దున అరగంట పరుగు పెట్టుకోండి, అదొక్కటి చాలు.

నెట్‌లో ఫిజికల్ ఎడ్యుకేషన్ సబ్జెక్ట్ కోడ్ 47. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, 100 మార్కులు, రెండోది 100 ప్రశ్నలు, 200 మార్కులు, రెండూ కలిపి మూడు గంటలు. తప్పు రాస్తే మార్కులు కట్ చేయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. మన పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా మొదటి పేపర్లోనే, ఎందుకంటే బయోమెకానిక్సూ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ అంటే ఇష్టంగా చదువుతారు గానీ టీచింగ్ ఆప్టిట్యూడ్, డేటా లెక్కలు, రీజనింగ్ అంటే పుస్తకం మూసేస్తారు. రోజూ గంట దానికే కేటాయించండి. రాష్ట్ర సెట్‌ను ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తుంది, అది కూడా వదలకుండా రాయండి.

పై మెట్లకు పీహెచ్‌డీ తప్పనిసరి. డిప్యూటీ డైరెక్టర్‌కి ఎనిమిదేళ్ల అనుభవం, డైరెక్టర్‌కి పదేళ్లు. వీటితోపాటు ఇంకో రెండు షరతులున్నాయి, వాటిని ఎవరూ ముందు చదవరు. ఒకటి, పోటీలు నిర్వహించినట్టు, కనీసం రెండు వారాల కోచింగ్ క్యాంపులు పెట్టినట్టు ఆధారం. రెండు, మీరు తయారుచేసిన జట్లో అథ్లెట్లో రాష్ట్ర, జాతీయ, ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో బాగా ఆడినట్టు ఆధారం. ఆధారం అంటే సర్క్యులర్ కాపీ, క్యాంపు హాజరు పట్టిక, ఫలితాల షీటు, మెరిట్ సర్టిఫికెట్ జిరాక్సు. నేను మొదటి ఆరేళ్లు క్యాంపులు పెట్టాను, ఒక్క కాగితమూ దాచుకోలేదు. డిప్యూటీకి అప్లై చేసే రోజు వచ్చాక పాత కాలేజీకి వెళ్లి, దుమ్ము పట్టిన బీరువాల్లో వారం రోజులు వెతికాను. మీరు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఒక బాక్స్ ఫైల్ కొనుక్కోండి, ఏడాదికొకటి, అన్నీ అందులో పడేయండి.

జీతం సంగతి అందరూ గొంతు తగ్గించి అడుగుతారు, గట్టిగానే అడగండి. యూజీసీ స్కేల్లో అసిస్టెంట్ డైరెక్టర్‌కి లెవెల్ 10, మొదటి బేసిక్ 57,700 రూపాయలు; డైరెక్టర్‌కి లెవెల్ 14, బేసిక్ 1,44,200. ఇది రెగ్యులర్ పోస్టుల మాట. హైదరాబాద్‌లో మీకు మొదట దొరికేది చాలావరకు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ, ప్రైవేటు యూనివర్సిటీ, లేదా గవర్నమెంట్‌లో గెస్ట్, కాంట్రాక్టు. వాటి జీతం ఈ స్కేలుకి దరిదాపుల్లో కూడా ఉండదు. గురుకులాల్లో, జూనియర్ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్ పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చినప్పుడు మాత్రం వదలకుండా రాయండి, ఎప్పుడో ఒకసారి వస్తాయి.

సున్నం లైన్ల దగ్గర నేర్చుకోండి

ఇంటర్వ్యూ బోర్డులో నన్ను అడిగిన ప్రశ్న ఇది. "మట్టి ట్రాక్, అంచున కట్ట లేదు, సున్నం లైన్లే. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. 400 మీటర్ల పరుగుకి రెండో లేన్ స్టాగర్ ఎంత?" స్టాగర్ అంటే, బయటి లేన్ పొడుగు కాబట్టి ఆ లేన్‌లో పరుగెత్తేవాళ్లని స్టార్ట్‌లో ఎంత ముందుకు నిలబెట్టాలో ఆ దూరం. నాకంటే ముందు వెళ్లినవాళ్లు 7.04 అని చెప్పి వచ్చారు, అన్ని గైడుల్లో అదే ఉంటుంది. ఆ లెక్క లోపలి అంచున కట్ట ఉన్న ట్రాక్‌కి. కట్ట ఉంటే మొదటి లేన్ దూరాన్ని కట్టకి 30 సెంటీమీటర్ల బయట కొలుస్తారు, మిగతా లేన్లను లోపలి గీతకి 20 సెంటీమీటర్ల బయట కొలుస్తారు, ఆ 10 సెంటీమీటర్ల తేడా వల్ల 7.04 వస్తుంది. కట్ట లేకపోతే మొదటి లేన్ కూడా 20 దగ్గరే కొలవాలి, అప్పుడు స్టాగర్ 1.22ని రెండు పైలతో గుణిస్తే వచ్చేది, 7.67 మీటర్లు. ఇంకో విషయం, మీ కాలేజీ గ్రౌండ్‌లో 200 మీటర్ల ట్రాకే పడుతుందనుకోండి, అప్పుడు కూడా ఒక రౌండుకి స్టాగర్ ఇంతే, ఎందుకంటే వంపు ఎంత పెద్దదన్న దానితో దీనికి సంబంధం లేదు. అదే ట్రాక్ మీద 400 మీటర్లు పూర్తిగా లేన్లలోనే పెడితే రెండు రౌండ్లు కాబట్టి స్టాగర్ రెట్టింపవుతుంది.

ఈ లెక్క నేను పుస్తకంలో నేర్చుకోలేదు. 2002లో నేషనల్ గేమ్స్ హైదరాబాద్‌లో జరిగినప్పుడు స్టూడెంట్ వలంటీర్‌గా గచ్చిబౌలి స్టేడియంలో హర్డిల్స్ మోశాను. పక్కనే ఒక పెద్దాయన, టెక్నికల్ అఫీషియల్, స్టీల్ టేపు ఒక చివర నా చేతికిచ్చి "గట్టిగా పట్టుకో అమ్మా, టేపు వదులైతే ఓ పిల్లవాడి రికార్డు పోతుంది" అన్నారు. అప్పట్నుంచి టేపు వదులుగా కనిపిస్తే నాకు ఊపిరాడదు. మీరు కూడా ఎంపీఈడీలో ఉండగానే నగరంలో జరిగే ప్రతి మీట్‌కీ వెళ్లండి. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం, ఎల్బీ స్టేడియం, యూసఫ్‌గూడ, గచ్చిబౌలి, ఎక్కడైనా సరే. స్కోర్ షీట్ రాయండి, కాల్ రూమ్‌లో నిలబడండి, వాచ్ పట్టుకోండి. డబ్బు ఏమీ రాదు, ఓ టీషర్టూ ఓ భోజనం ప్యాకెట్టూ వస్తాయి. కానీ రేపు మీరే మీట్ పెట్టినప్పుడు ఎవరిని పిలవాలో, ఎవరి మాట నమ్మొచ్చో అక్కడే తెలుస్తుంది.

ఫిక్చర్ వేయడం కూడా నిద్రలో లేపి అడిగినా రావాలి. 19 టీములు నాకౌట్ ఆడితే మ్యాచులు 18, బైలు (మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండుకి వెళ్లే టీములు) 13. ఆరు టీములు లీగ్ ఆడితే 15 మ్యాచులు. డ్రా తీసేటప్పుడు అందరు మేనేజర్లనూ కూర్చోబెట్టి, చీటీలు వాళ్లలో ఒకరి చేతే తీయించండి. గదిలో ఒక్కరే కూర్చుని డ్రా వేసి గోడకి అంటించిన రోజు మీ మీద నమ్మకం పోతుంది, ఆ తర్వాత ఎంత నిజాయితీగా చేసినా ఎవరూ నమ్మరు.

మొదటి ఉద్యోగం: గ్రౌండ్ లేని కాలేజీ

అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్‌లో కాలేజీ ఉంటుంది. సెల్లార్‌లో పార్కింగ్, పైన క్లాసులు, టెర్రస్ మీద వాటర్ ట్యాంకులు. మీ పీడీ రూమ్ అంటే మెట్ల కింద ఒక అర. దానికి ఏడవకండి. టేబుల్ టెన్నిస్, క్యారమ్స్, చెస్, యోగా లోపలే మొదలుపెట్టి, మిగతా ఆటలకి దగ్గర్లోని మున్సిపల్ గ్రౌండ్‌లో పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా టైము అడిగి రాయించుకోండి. రెండేళ్లలో నాకు కబడ్డీ టీమ్ వచ్చింది అలాగే. ఆ పిల్లలు సిటీ బస్సులో వచ్చి, ఆడి, అక్కడే నల్లా దగ్గర మొహం కడుక్కుని తొమ్మిదింటి క్లాసుకి పరుగెత్తేవాళ్లు.

కాలేజీలో మీ పేరు తెలియాలంటే యూనివర్సిటీ ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్లకి ప్రతి ఏడాదీ ఎంట్రీలు పంపాలి. ఓయూ పరిధిలోనివాళ్లు దాన్ని ఐసీటీ అనే అంటారు. ఓడిపోయినా పంపండి. అక్కడ ఆడితేనే మీ పిల్లవాడు యూనివర్సిటీ సెలక్షన్స్‌కి కనిపిస్తాడు. యూనివర్సిటీ టీమ్‌లోకి వస్తే సౌత్ జోన్, జోన్‌లో మొదటి నాలుగు జట్లలో ఉంటే ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ, అక్కడ మొదటి ఎనిమిదిలో నిలిస్తే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్. ఈ గేమ్స్ 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాక పిల్లల్లో ఆశ మారింది. ఇంతకుముందు ఇంటర్ యూనివర్సిటీ ఆడానంటే సర్టిఫికెట్ కోసమే అనుకునేవాళ్లు, ఇప్పుడు మ్యాచ్ టీవీలో వస్తుందేమోనని అమ్మానాన్నలే ఫోన్ చేసి అడుగుతున్నారు.

మెమో మీద పేరు

ఇప్పుడు నేను చెప్పేది ఈ మొత్తంలో ముఖ్యమైంది, కొంచెం ఓపికగా చదవండి.

ఇంటర్ యూనివర్సిటీ పోటీలను నడిపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం, అందరూ ఏఐయూ అంటారు. ఏ పిల్ల ఆడొచ్చు, ఏ పిల్ల ఆడకూడదు అన్నది వాళ్ల ఎలిజిబిలిటీ ప్రొఫార్మా తేలుస్తుంది. రెగ్యులర్ స్టూడెంటేనా, వయసెంత, ఇంటర్ పాసై ఎన్నేళ్లయింది, ఫోటో మీద అటెస్టేషన్ ఉందా, రిజిస్ట్రార్ సంతకం ఉందా, ఇవన్నీ హోస్ట్ యూనివర్సిటీలో స్క్రూటినీ టేబుల్ దగ్గర చూస్తారు.

నేను మేనేజర్‌గా వెళ్లిన మొదటి సౌత్ జోన్. అమ్మాయిల ఖో ఖో టీమ్. మా టీమ్‌లో ఒక పిల్ల, పేరు చెప్పను, సంగారెడ్డి వైపు ఊరు, చేజింగ్‌లో పోల్ డైవ్ కొట్టిందంటే తప్పించుకుని పరుగెత్తే టీమ్‌కి గుండె ఆగాల్సిందే. స్క్రూటినీలో వాళ్లు పదో తరగతి మెమో ఒరిజినల్ అడిగారు. మెమోలో ఇంటిపేరు ముందు ఉంది, కాలేజీ ఐడీలో ఇంటిపేరు లేదు, ప్రొఫార్మాలో మూడో రకంగా రాసి ఉంది. మూడు కాగితాలు, మూడు పేర్లు. కింద నా సంతకమే ఉంది. "వీళ్లు ముగ్గురూ ఒకరేనని రాసిన లెటర్ మీ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెప్పించండి" అన్నారు. శనివారం మధ్యాహ్నం, ఆఫీసు మూసేశారు, సోమవారం దాకా ఎవరూ దొరకలేదు. ఆదివారం ఉదయం మా మొదటి మ్యాచ్. నాకౌట్. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

ఆ పిల్ల మ్యాచ్ అంతా బయట నిలబడి వాటర్ బాటిల్స్ అందించింది. షూస్ లేసులు గట్టిగా కట్టుకునే ఉంది, ఒకవేళ ఎవరైనా ఒప్పుకుంటారేమోనని. తిరుగు ప్రయాణంలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో పైబెర్త్ ఎక్కి అటువైపు తిరిగి పడుకుంది, నన్ను ఒక్క మాట అనలేదు. అది ఆమె ఫైనలియర్. మళ్లీ ఛాన్స్ రాలేదు.

తప్పు నాదే. ఆట బాగా నేర్పాను, పేరు సరిచూడలేదు. అప్పట్నుంచి ప్రతి ఏడాదీ ఆగస్టులో, సెలక్షన్స్ కంటే ముందే, ప్రతి ప్లేయర్ దగ్గరా మెమో, ఆధార్, ఐడీ, అడ్మిషన్ రసీదు నాలుగూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి నేనే అక్షరం అక్షరం చదువుతాను. తేడా ఉంటే అప్పుడే లెటర్ రాయిస్తాను. టూర్‌కి వెళ్లేటప్పుడు నా బ్యాగులో స్టాంప్ ప్యాడ్, స్టాప్లర్, ప్రతి పిల్లవి ఆరేసి ఫోటోలు, ఖాళీ ప్రొఫార్మాలు పది, రిజిస్ట్రార్ ఆఫీసు సూపరింటెండెంట్ సొంత ఫోన్ నెంబరు ఉంటాయి. డైరెక్టర్ అయ్యాక ఈ పని క్లర్కుకి వదిలేద్దామనిపిస్తుంది. వదలొద్దు. ఆట ఎలా ఆడాలో నేర్పడానికి కోచ్ ఉంటాడు. ఆ పిల్లని గ్రౌండ్ లోపలికి పంపే బాధ్యత మాత్రం మీ కుర్చీది. నా దృష్టిలో ఈ ఉద్యోగమంటే ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

సెలక్షన్స్, ఫోన్లు

యూనివర్సిటీ టీమ్ సెలక్షన్ రోజు మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఫలానా సార్ వాళ్ల అబ్బాయి, ఫలానా కాలేజీ కరస్పాండెంట్ గారు చెప్పమన్నారు, "కనీసం స్టాండ్‌బైలో అయినా పెట్టండి మేడమ్". కోపం తెచ్చుకుంటే పని కాదు. నేను చేసేది ఇది. బయటి నుంచి ముగ్గురు సెలక్టర్లను పిలుస్తాను, ఒక్కరు కూడా ఆ ఏడాది పోటీపడే కాలేజీ వాళ్లు కాకుండా చూస్తాను. ప్రతి ప్లేయర్‌కీ చెస్ట్ నెంబర్, సెలక్టర్ల దగ్గర పేర్ల లిస్టు ఉండదు. మార్కుల షీటు మీద ముగ్గురూ అక్కడే సంతకం పెడతారు. సాయంత్రం చీకటి పడేలోపే లిస్టు గోడ మీద ఉంటుంది. లిస్టు పెట్టేశాక ఫోన్లు తగ్గిపోతాయి, ఎందుకంటే అడగడానికి ఏమీ మిగలదు. ఒక్క రాత్రి ఆలస్యమైతే పొద్దునకి లిస్టు మారుతుంది, మారకపోయినా మారిందనే అంటారు.

అటెండెన్స్ ఇంకో పెద్ద తలనొప్పి. 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు, మన సీజనేమో సెమిస్టర్ పరీక్షలకి అడ్డంగానే వస్తుంది. క్యాంపు మొదలైన రోజే ఆన్ డ్యూటీ లెటర్ ప్రతి ప్రిన్సిపాల్‌కీ పంపండి, పిల్లల చేతికి ఇచ్చి పంపకండి, వాళ్లు బ్యాగులో మర్చిపోతారు. ల్యాబ్ ఇంటర్నల్ మిస్సయిన పిల్ల ఉంటే ఆ లెక్చరర్‌తో మీరే మాట్లాడండి. ఒక డిపార్ట్‌మెంట్ హెడ్ నాతో "మీ ఆటల వల్ల మా పాస్ పర్సంటేజ్ పడిపోతోంది" అన్నారు. వాదించలేదు, ఆయన డిపార్ట్‌మెంట్ ప్లేయర్ల మార్కులన్నీ ఒక షీటు మీద రాసి తీసుకెళ్లి ఇచ్చాను, ముగ్గురికి ఫస్ట్ క్లాస్ ఉంది. తర్వాతి ఏడాది ఆయనే ఇంటర్నల్‌కి వేరే డేట్ ఇచ్చారు.

అమ్మాయిల టీమ్ విషయంలో నేను కొంచెం గట్టిగా ఉంటాను. లేడీ మేనేజర్ లేకుండా అమ్మాయిల టీమ్ కదలకూడదు, అంతే. బస ఇచ్చిన హాస్టల్లో బాత్రూమ్ గడియలు పనిచేస్తున్నాయో లేదో పిల్లలు లోపలికి వెళ్లకముందే మేనేజర్ చూడాలి. ఫస్ట్ ఎయిడ్ బాక్స్‌లో బ్యాండేజ్‌తోపాటు శానిటరీ ప్యాడ్స్ ఉండాలి. టూర్‌కి ముందు తల్లిదండ్రులతో మీరే ఫోన్‌లో మాట్లాడండి, ఏ రైలు, ఎక్కడ బస, ఎవరు వెంట ఉంటారు, అన్నీ చెప్పండి. చాలామంది అమ్మాయిలు ఆటలో వెనకబడి మానేయడం లేదు, ఇంట్లో ఎవరూ ధైర్యం చెప్పక మానేస్తున్నారు. ఎవరైనా కోచ్ మీద, మేనేజర్ మీద ఒక పిల్ల ఫిర్యాదు చేస్తే గదిలో కూర్చోబెట్టి సర్దిచెప్పే పని పెట్టుకోకండి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ప్రతి సంస్థలోనూ ఇంటర్నల్ కమిటీ ఉంటుంది, ఆ పిల్ల ఫిర్యాదు అక్కడికి చేరేలా తోడు వెళ్లండి, ఆ కోచ్‌ని ఆ రోజు నుంచే గ్రౌండ్‌కి దూరంగా పెట్టమని రాతపూర్వకంగా అడగండి.

డబ్బు లెక్కలు

దీని గురించి ఎక్కువ చెప్పను, కానీ మంచి పీడీలు ఇబ్బంది పడేది ఇక్కడే. టూర్‌కి అడ్వాన్స్ మీ పేరు మీద తీసుకుంటారు. పదహారు మంది టీఏ డీఏలు, ఆటో ఖర్చులు, ఒక పిల్లకి జ్వరమొస్తే మందులు. తిరిగొచ్చాక వారంలో సెటిల్ చేయకపోతే తర్వాతి అడ్వాన్స్ రాదు. ప్రతి పిల్లతో డీఏ ముట్టినట్టు అక్విటెన్స్ మీద ఆ రోజే సంతకం పెట్టించండి, రైల్లో దిగేటప్పుడు పెట్టిద్దాం అనుకుంటే నలుగురు మధ్య స్టేషన్లో దిగిపోతారు. కిట్ కొనేటప్పుడు తక్కువ కొటేషన్ వాడి షూస్ రెండు వారాల్లో సోల్ ఊడిపోతాయి, కాబట్టి టెండర్లోనే శాంపిల్ అడగండి, శాంపిల్‌ని మీ బీరువాలో తాళం వేసి ఉంచి, సరుకు వచ్చినప్పుడు పక్కన పెట్టి చూడండి.

నిధులు పెంచమని అడగడానికి వైస్ చాన్సలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పతకాల లిస్టుతో పాటు నాక్ (యూనివర్సిటీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) రిపోర్టు కూడా పట్టుకెళ్లండి. అందులో విద్యార్థులు ఆటల్లో గెలిచిన పతకాల లెక్క కూడా అడుగుతారు. "సార్, ఈ కాలమ్ ఖాళీగా ఉంది" అని చూపిస్తే, ఆటల మీద ప్రేమ లేని ఆఫీసర్ కూడా ఫైలు తెరుస్తారు.

పీహెచ్‌డీ ఎప్పుడు

ఉద్యోగంలో చేరిన మూడు నాలుగేళ్లలోపే రిజిస్టర్ చేసుకోండి. పెళ్లి, పిల్లలు, సీజన్, అన్నీ వరసగా వచ్చి మీద పడతాయి, నాకు అయినట్టు తొమ్మిదేళ్లు పట్టనివ్వకండి. టాపిక్ మీ గ్రౌండ్ నుంచే తీసుకోండి. మీ దగ్గర రోజూ పొద్దున నలభై మంది పిల్లలు పరుగెడుతుంటే, డేటా కోసం వేరే ఊరు పోవడం దేనికి? సీనియర్లు రాసిన సినాప్సిస్‌లో ఆట పేరు మార్చి ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఆ పని చేయకండి, బోర్డులో మొదటి ప్రశ్నకే తెలిసిపోతుంది. పటియాలాలో ఎన్ఐఎస్ కోచింగ్ డిప్లొమా చేసే అవకాశం ఉంటే అది కూడా చేయండి, కోచ్‌లతో మాట్లాడేటప్పుడు వాళ్ల భాష అర్థమవుతుంది.

కుర్చీలో కూర్చున్న మొదటి వారం

ఎప్పుడో ఒక రోజు ఆర్డర్ మీ చేతికి వస్తుంది. పూలదండలు, ఫోటోలు ఒక్క పూటలో అయిపోతాయి. ఆ మధ్యాహ్నమే స్టోర్ రూమ్ తాళం అడగండి. స్టాక్ రిజిస్టర్‌లో జావెలిన్లు పన్నెండు ఉంటాయి, గదిలో ఏడు కనిపిస్తాయి, అందులో రెండు వంగి ఉంటాయి. చూసిన రోజే రాసి, పాత ఇన్‌చార్జ్‌తో సంతకం పెట్టించుకోండి, నెల దాటితే ఆ అయిదూ మీ ఖాతాలోకి వస్తాయి. రెండో రోజు అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లి పాత అడ్వాన్సుల్లో ఎన్ని సెటిల్ కాలేదో అడగండి. మూడో రోజు అఫిలియేటెడ్ కాలేజీల పీడీలందరినీ పిలిచి, సీజన్ క్యాలెండర్ ముందు పెట్టి, ఎవరికి ఏ డేట్ కుదరదో వాళ్ల నోటే చెప్పించండి.

తర్వాత పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్లండి. అక్కడ ఇరవై, ముప్పై ఏళ్లుగా సున్నం పోస్తున్న గ్రౌండ్‌మన్ ఉంటాడు. వయసులో పెద్దాయనైతే అన్నా అని పిలిచి, పక్కన కూర్చుని టీ తాగండి. జూలై వానకి ఏ మూల నీళ్లు నిలుస్తాయో, ఏ వైపు మట్టి కింద రాయి ఉందో, ఏ గేటు రాత్రి తెరిచి ఉంటుందో ఆయన చెబుతాడు. నేను వచ్చిన కొత్తలో అడగకుండానే తూర్పు మూలన లాంగ్ జంప్ పిట్ తవ్వించాను, ఆ ఏడాది సెప్టెంబర్ దాకా అందులో కప్పలే ఉన్నాయి. ఇసుక మళ్లీ కొనడానికి ఫైలు పెడితే ఆడిట్ అభ్యంతరం వచ్చింది. పిట్ ఇప్పుడు పడమటి వైపు ఉంది, ఆయన చూపించిన చోటే.